స్పేసరు వాక్యమునకు టీకా తాత్పర్యములు

అవతారిక. 1920లో సింగరేణి కాలరీసను పేరు దాల్చి, నేడు నూటికి 51 పాళ్లు రాష్ట్రప్రభుత్వమునకును 49 పాళ్లు కేంద్రమునకును చెందియున్న సంస్థ నీడలో పెరిగిన గోదావరిఖని పట్టణమున, గనులకు సామగ్రి చేరవేయు గుత్తేదారుల క్యాంపర్లును పికప్పులును లెక్కకు మిక్కిలి. వానిలో యౌవనవంతుడగు యజమాని చేతబడిన బండి యొకానొక దినమున వెడల్పు టైర్లను గోరక మానదు. అవి యెక్కినంతనే లోపలివైపున కమాన్ పట్టీలకో చాసిస్‌కో రాచుకొన మొదలిడును. ఆ రాపిడిని బాపుటకై చక్రమునకును హబ్బునకును నడుమ బిగించు అల్యూమినియపు బిళ్లయే స్పేసరు. ఈ విషయమున ఖనిలోని యొక మిస్త్రీ, పానా చేతబట్టి, ఎవరివంకను చూడక పలికిన వాక్యమొకటి గలదు. సూత్రములకెల్ల భాష్యములు పుట్టిన ఈ దేశమున దానికి మాత్రము వ్యాఖ్య లేకపోవుట న్యాయము కాదు.

మూలము. “స్పేసర్ ఏసినవ్, మంచిదే. ఇగ లోడేసి స్టీరింగ్ ఇటు కొసదాక, అటు కొసదాక తిప్పు. యాడ తాకుతాందో బొగ్గుదుబ్బే చెప్తది.”

ప్రతిపదార్థము. స్పేసర్ ఏసినవ్ = స్పేసరును బిగించుకొంటివి; మంచిదే = (వలదన్నను నీవు వినవని యెరుంగుదును గనుక) కానిమ్ము; ఇగ = పని ముగిసెనని తలంపక; లోడేసి = బండిలో బరువు నింపి, అనగా పట్టీలు అణగి చక్రము మడ్గార్డులోనికి చొచ్చునట్లు చేసి; ఇటు కొసదాక, అటు కొసదాక తిప్పు = స్టీరింగును రెండు దిక్కులను అవధిపర్యంతము త్రిప్పుము; యాడ తాకుతాందో = ఏ తావున రాచుకొనుచున్నదో; బొగ్గుదుబ్బే = బొగ్గుధూళియే; చెప్తది = వెల్లడించును.

తాత్పర్యము. స్పేసరు రాపిడిని చంపునది కాదు, దానికి నివాసము మార్చునది. 30 మిల్లీమీటర్ల బిళ్ల వేసితివేని చక్రము లోపల 30 మిల్లీమీటర్ల యెడము దొరకును, వెలుపలికి అంతయే పొడుచుకొనివచ్చును. ఇరుకింట మంచము నొకగోడ నుండి జరిపిన రెండవగోడకు తగులుట యెట్టిదో యిదియు నట్టిదే. అంతేకాదు, ముందుచక్రము తాను మలుపు తిరుగు కీలునకు దూరమైనకొలదియు త్రిప్పినప్పుడు చుట్టు పెద్ద వృత్తమును గీయును గావున, తిన్నగా నిలిచియున్నప్పుడు వేలెడు సందున్న టైరే, మలుపున బంపరు మూలకో మడ్గార్డు వెనుకటంచునకో పోయి తగులును. ఖాళీబండిని షాపుముందు నిలిపి, చక్రములను తిన్నగా నుంచి, “ఎక్కడను తాకుటలేదు” అని సంతసించువాని నుద్దేశించియే మిస్త్రీ “లోడేసి” అనియు “కొసదాక” అనియు రెండు విశేషణముల నుంచినాడు. ఈ రెండింటిలో ఏ యొక్కటి లోపించినను పరీక్ష పరీక్ష కాదు.

విశేషములు. “బొగ్గుదుబ్బే” యనుచోటి ఏవకారము మిక్కిలి మనోహరము. పైదేశములలో రాపిడిజాడ తెలియుటకు సుద్దపూత పూయవలసియుండగా, ఖనిలో ఓసీపీల, అనగా ఉపరితలగనుల, వైపు రెండుమార్లు పోయివచ్చిన బండికి మడ్గార్డు లోపలిభాగమంతయు నల్లని పూత తనంతతానే యేర్పడును. టైరు తగిలినచోట ఆ నలుపు చెరిగి లోహము మెఱయును. అయితే ఉపకారియైన యీ ధూళియే వేఱొకచోట పరమశత్రువు. హబ్బు ముఖమున అది తుప్పుతో గూడి పొరగట్టియుండ, దానిమీదనే బిళ్లనుంచి నట్లు బిగించినచో, ఆ పొర కొన్నిదినములకు నలిగి రాలి, నట్లు వదులగును. తీగబ్రష్షుతో ముఖము మెఱయువఱకు రుద్ది, బిళ్ల నడిమిరంధ్రము హబ్బునకు సరిగా పట్టుచున్నదో లేదో చూచి, ఎదురెదురు నట్ల నొకదానివెంట నొకటిగా బిగింపవలెను.

తన బోల్టులు తానే తెచ్చుకొను బిళ్ల యొకటి, పాత బోల్టులపైననే తొడుగు పలుచనిబిళ్ల యొకటి యని స్పేసరులు ద్వివిధములు. రెండవది చౌక యనుట నిజమే గాని, బిళ్ల మందమంతయు బోల్టుమరలను మ్రింగివేయును. బోల్టు లావెంతయో కనీసమంత పొడవైనను నట్టు మరలపై నెక్కకున్న చక్రముపై ఆశ వదలుకొనవలసినదే. నేను మొదటి పక్షమువాడను.

తగులుచోటు తెలిసినపిదప చేయదగిన దేమి? ప్లాస్టిక్కు లోపలికప్పును కొంత కోయుట యొక మార్గము. స్టీరింగు ఆపుబోల్టును కొంచెము పైకి త్రిప్పి చక్రపు తిరుగుడును తగ్గించుట మఱియొకటి. దీనివలన పట్టణమందలి లక్ష్మీనగర్ సందులలో బండిని రివర్సుకొట్టక త్రిప్పుట దుర్లభమగును. పలుచని టైరుకు మరలిపోవుట మూడవది, దీనిని విన్నవారు గలరు గాని చేసినవారు కానరారు. స్పేసరువలన బేరింగుమీద పెరుగు భారము నిచట విస్తరింపను. 1988 నాటి మోటారువాహనముల చట్టములోని 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన రూపమును యజమాని మార్చరాదనుచున్నది గావున, ఫిట్‌నెస్సు తనిఖీ సమీపించగనే స్పేసరులు ఇంటియటుక నెక్కుట లోకాచారము.

పాఠభేదము. మూలము వెనుక “నూరు కిలోమీటర్లు తిరిగినంక మళ్ల రా, నట్లు గుంజాలె” అను వాక్యము గూడ వినబడుచున్నది. ఇది గిరాకి కొఱకు చేర్చిన ప్రక్షిప్తమని కొందఱందురు. కాని క్రొత్తబిళ్ల కుదురుకొన్నపిదప నట్లు సడలుట సహజము. పైగా ఆ రెండవ బిగింపునకు మిస్త్రీ పైసయు పుచ్చుకొనలేదు. కనుక నిది మూలమే యని నా నిశ్చయము.