మాత్ర మింగే ముందు ఒక మాట

ఒరేయ్ అబ్బాయ్, రాత్రి అన్నం తిన్నాక ఒక్క మాత్ర వేసుకోవడానికి నీకింత బద్ధకమా? పైగా పెద్దదిగా ఉంది, గొంతులో అడ్డుపడుతోందని సణుగుడొకటి. మా రోజుల్లో హెచ్ఐవి మందంటే నాలుగు గంటలకోసారి. అమెరికాలో అర్ధరాత్రి అలారం పెట్టుకుని లేచి మరీ మింగేవాళ్లు. ఏజడ్‌టి అనేవాళ్లు దాన్ని. రక్తం తగ్గిపోయేది, కడుపులో తిప్పేది, అయినా మానేవాళ్లు కాదు.

ఆ మందుకు 1987 మార్చిలో అనుమతి వచ్చింది. దాని వెనకున్న ట్రయల్ గురించి నీకెవరైనా చెప్పారా? ఎవరు చెప్తారులే, ఈ రోజుల్లో ఎవరికి తీరిక! మొత్తం 282 మంది. ఇంచుమించు సగం మందికి మందు, మిగతావాళ్లకి మందులేని ఉత్త మాత్ర. ఎవరికేది పడిందో మింగేవాళ్లకీ తెలియదు, ఇచ్చే డాక్టరుకీ తెలియదు. ఆర్నెల్లు నడవాల్సిన ఆ పరీక్షని 1986 సెప్టెంబరులో మధ్యలోనే ఆపేశారు. అప్పటికి ఉత్త మాత్ర వాళ్లలో 19 మంది పోయారు, మందు వాళ్లలో ఒక్కరు. ఈ రెండు అంకెలూ గుర్తుపెట్టుకో.

ఆ తర్వాతి ట్రయల్స్‌లో చేరినవాళ్లు ఊరుకున్నారా? తమకిచ్చింది మందో కాదో బయట పరీక్ష చేయించుకునేవాళ్లు. మందు పడ్డవాడు పడనివాడికి సగం పంచిపెట్టేవాడు. దాంతో డాక్టర్ల లెక్కలు చెడిపోతాయి, నిజమే. కానీ పక్కవాడు పోతుంటే చూస్తూ కూర్చోవడం వాళ్ల వల్ల కాలేదు. 1988 అక్టోబరులో యాక్ట్ అప్ అనే ఎయిడ్స్ ఉద్యమ సంఘం వాళ్లు అమెరికాలోని రాక్‌విల్‌లో మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డిఏ ఆఫీసునే ముట్టడించారు. ఊరికే అరిచి రాలేదు. ట్రయల్ ఎలా నడపాలో రాసే కాగితాలు చదివి, ఇది తప్పు, ఇక్కడ మార్చండి అని వేలు పెట్టి చూపించారు. చివరికి ట్రయల్స్ ఎలా నడపాలో తేల్చే కమిటీల్లో రోగులకే కుర్చీలు వేయాల్సొచ్చింది. ఆ పట్టుదల ఇప్పుడేదీ?

ఆ రోజులే నయమని నేనంటే పోయినవాళ్లు నన్ను క్షమించరు. 2004 ఏప్రిల్‌లో మన సర్కారు ఉచితంగా మందులివ్వడం మొదలుపెట్టాక స్టావుడిన్ అనే మందు వాడి బుగ్గలు పీక్కుపోయిన మొహాలు నేను చూశాను. నీ మాత్ర వెయ్యిరెట్లు మేలు. ఒప్పుకుంటాను. కానీ దాని పుట్టుపూర్వోత్తరాలు అడగవేం? మందు సరిగ్గా వేసుకుంటే జతగాడికి వైరస్ అంటదని ఇవాళ ధీమాగా ఉన్నావే, అది ఊరికే తేలలేదు. తొమ్మిది దేశాల్లో 1763 జంటలు ట్రయల్‌లో చేరితే 2011లో తేలింది. అందులో చెన్నై, పుణె జంటలూ ఉన్నాయి. వ్యాధిని దాచుకోక తప్పని దేశంలో భార్యాభర్తలిద్దరూ కలిసి ఆసుపత్రి మెట్లెక్కడమంటే మాటలా?

ఇప్పుడేమో ట్రయల్‌లో చేరేముందు ఒప్పుకోలు కోసం బొత్తెడు కాగితాలు చేతికిస్తే ఆఖరి పేజీ తిప్పి గీకేస్తున్నారు. మన నిబంధనల్లో కొత్త మందుల ట్రయల్స్‌లో నిస్సహాయుల ఒప్పుకోలుని వీడియో తీయాలని ఉంది. హెచ్ఐవి మందులకైతే మొహం బయటపడకుండా గొంతు రికార్డు చేస్తే చాలన్నారు. నీ పరువు గురించి అంత ఆలోచించారు. ఆ రికార్డులో నీ గొంతు "సరే సార్" అని మాత్రమే వినిపిస్తే ఏం లాభం?

రేపు నిన్నెవరైనా ట్రయల్‌లో చేరమంటే భయపడి పారిపోకు. చేరు. కానీ ముందు ఆ కాగితాలు ఇంటికి తెచ్చుకుని చదువు. ఉత్త మాత్ర ఎవరికిస్తారో, నాకేమైనా అయితే వైద్యం ఎవరు చేయిస్తారో, ట్రయల్ అయిపోయాక ఆ మందు నాకు దొరుకుతుందో లేదో అడుగు. జవాబు అర్థమయ్యేదాకా సంతకం పెట్టకు.