ఇటలీ వెళ్తున్నారా? ఇంగ్లీషును ఇంట్లోనే వదిలేయండి

పల్నాటి నుంచి రోముకో మిలానుకో తొలిసారి బయల్దేరేవాళ్లు ముందుగా బాగుచేసుకునేది ఇంగ్లీషునే. ఆ శ్రమ దండగ. రోమన్ చక్రవర్తుల బంగారు నాణేలు మన వినుకొండలో బయటపడ్డాయి. వాటిని ఇంతదూరం చేర్చిన బేరాల్లో ఒక్కటీ ఇంగ్లీషులో జరగలేదు. ఇటాలియన్‌కు కావలసిన నోరు మనకు పుట్టుకతోనే ఉంది. దానికి అడ్డుపడుతున్నది మనం బడిలో నేర్చుకున్న ఇంగ్లీషే. అందుకే ఈ సలహాలు.

1. ప్రతి మాటా తెలుగు లిపిలోనే రాసుకోండి. ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే ‘క్వాంటో కోస్టా’ అని నోరు జారుతుంది. అసలు మాట ‘క్వాంతో కోస్తా?’, అంటే ఎంత అని. ఇటాలియన్లు నాలుకను పళ్లకు ఆనించి మనలాగే త, ద పలుకుతారు. ‘దోవె?’ అంటే ఎక్కడ. ‘బాన్యో’ అంటే బాత్రూము. బోర్డు మీద ‘సి’ పక్కన ‘హెచ్’ కనిపిస్తే ‘క’ అనండి. చర్చి అక్కడ ‘కియేజా’. ఇంగ్లీషు కళ్లతో చదివితే ‘చీసా’ అవుతుంది, ఎవరికీ అర్థం కాదు.

2. ఒత్తులు మింగకండి. అక్క, అన్న అనేవాళ్లకు ఇది కష్టమే కాదు. ‘నోన్నో’ తాత, ‘నోన్నా’ అమ్మమ్మ. ‘పేన్నె’ ఒక రకం పాస్తా. అందులో ఒక్క ‘న’ తగ్గితే హోటల్లో నలుగురి ముందు అనరాని మాట అవుతుంది.

3. వ్యాకరణం పుస్తకం కొనకండి. పదం చివరి అచ్చును మాత్రం వదలకండి. శాకాహారి మగవాడైతే ‘సోనో వెజెతారియానో’, ఆడమనిషైతే ‘సోనో వెజెతారియానా’ అనాలి. మాంసం వద్దంటే ‘సేన్త్సా కార్నె’. పెపెరోని అడిగితే బెంగళూరు మిర్చి వస్తుంది. మనం పండించే ఘాటు మిరపకాయ కావాలంటే ‘పెపెరోంచీనో’ అనండి.

4. ‘చావో’ జోలికి పోకండి. అది నువ్వు అని పిలవగలిగే చనువున్నవాళ్లకే. మాచర్లలో ఉన్న అమ్మకు ఫోన్లో అన్నారంటే ఆమె గుండె గుభేలుమంటుంది. పగలు ‘బువోన్‌జోర్నో’, సాయంత్రం ‘బువొనసేరా’ అనండి. పెద్దవాళ్లయితే వెంటనే ‘సిన్యోరా’ అనో ‘సిన్యోరె’ అనో చేర్చండి. అండీ లేకుండా మనం మాట్లాడతామా?

5. గొంతు తగ్గించకండి. కోటప్పకొండ తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లవాణ్ణి పిలిచినంత గట్టిగా అనండి. గొణిగితే చివరి అచ్చు పోతుంది, అచ్చు పోతే అర్థం పోతుంది. మాచర్ల రైల్లో సాధన చేయండి. పక్కవాళ్లు చూస్తే చూడనివ్వండి.

6. ‘మీకు ఇంగ్లీషు వచ్చా?’ అని అడగనే అడగకండి. ఫోన్లో అనువాదం యాప్ తీసేయండి. ఎదుటివాళ్లే ఇంగ్లీషులోకి దిగినా మీరు ఇటాలియన్ వదలకండి. ‘స్కూజి’ అని ఆపండి. ‘పియానో, పెర్ ఫవోరె’ అనండి, మెల్లగా చెప్పమని. పని అయ్యాక ‘గ్రాత్సియె’. ఆపదొస్తే ‘అయూతో!’ అని కేకేయండి, 112కు ఫోన్ చేయండి.

జవాబు సగమే అర్థమైనా సిగ్గుపడకండి. మిగతా సగం రెండోసారి అడగండి, మూడోసారీ అడగండి. అడిగే హక్కు బాటసారికి ఏ ఊళ్లోనైనా ఉంటుంది.