జేబు చాకు పద్యానికి టీకా తాత్పర్యం

మూలం:

కొత్త చాకు గోటి కొనకు లొంగదు గాన
నూనె బొట్టు వేసి నూరు సార్లు
తెరిచి మూసి తెరిచి తీరుబాటుగ నంత
మావికాయఁ గోసి మరపవలయు.

అవతారిక: గౌనిపల్లి కోలారు జిల్లా శ్రీనివాసపుర తాలూకాలోని ఊరు. ఆంధ్ర సరిహద్దు దగ్గరే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, చుట్టూ మామిడి తోటలు. కాయ కోసి చూడాలన్నా, అంటు కట్టాలన్నా, గోనెసంచి మూతి దారం తెంపాలన్నా చెయ్యి జేబులోకే పోతుంది. అంతటి వస్తువును కొత్తలో ఎట్లా లొంగదీయాలో చెప్పే పద్యం లేకపోవడం లోటే గదా! అందుకని ఈ ఆటవెలది. మూలంలో లేనిది రాయనని మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఇక్కడ మూలకర్తా వ్యాఖ్యాతా ఒకడే కనుక ఆ చిక్కు లేదు. అయినా ఇద్దరికీ అక్కడక్కడా పడదు.

ప్రతిపదార్థం: కొత్త చాకు = అంగడి నుంచి అప్పుడే వచ్చిన మడత చాకు; గోటి కొనకు = బొటనవేలి గోరు చివరకు; లొంగదు కాన = లోబడదు కనుక; నూనె బొట్టు వేసి = చీల దగ్గర ఒక్క చుక్క నూనె విడిచి; నూరు సార్లు = వంద పర్యాయములు; తెరిచి మూసి తెరిచి = స్పష్టము; తీరుబాటుగన్ = తొందర లేక; అంత = ఆ పిమ్మట; మావికాయన్ = పచ్చి మామిడికాయను; కోసి = తరిగి; మరపవలయున్ = అలవాటు చేయవలెను.

వ్యాఖ్య: చాకు అనగా ఇక్కడ తాళం లేనిది. పిడి వీపున ఒక ఉక్కు స్ప్రింగు ఉండి అలుగు మొదలును నొక్కిపెడుతుంది. ఆ నొక్కుడు వల్లనే తెరిస్తే తెరిచినట్టు, మూస్తే మూసినట్టు నిలుస్తుంది. అడ్డుగడియ ఏదీ లేదు. షెఫీల్డులో 17వ శతాబ్దం నాటికే ఉన్న ఏర్పాటు ఇది. రాంపురి చాకు ఈ జాతి కాదు. దానికి తాళం ఉంది, సినిమాల్లో వేషాలూ ఉన్నాయి.

కాబట్టి "లొంగదు" అన్నది నిందలా వినిపించినా స్తుతే. గోరు విరిగేంత బిగువు కష్టమే గానీ, వేలి మీదికి అలుగు మడతపడకుండా ఆపేది ఆ బిగువొక్కటే. గోరు గాడిలో రూపాయి బిళ్ళ అంచు దూర్చి తెరుచుకోవచ్చు. పళ్ళతో తెరిచేవారికి ఈ టీకా వర్తించదు.

"నూనె" దగ్గర మూడు పక్షాలు. ఇంట్లో ఉన్నది చెనిక్కాయ నూనె కనుక అదే అని మొదటి పక్షం. ఆముదమని రెండో పక్షం. రెండూ పూర్వపక్షాలే. చెనిక్కాయ నూనె గాలి తగిలి కొన్నాళ్ళకు బంకవుతుంది. ఆముదం మొదటినుంచీ చిక్కన, ఆ సందులోకి దిగనే దిగదు. కుట్టుమిషను నూనె సిద్ధాంతం. పలచగా ఉండి చీల సందులోకి పాకుతుంది, బంకకట్టదు. బొట్టు అన్నాడు గనుక బొట్టే. జేబు తడిస్తే ఇంట్లో వాళ్ళు వేరే టీకా చెబుతారు.

"నూరు" దగ్గర ఊళ్ళు ఊళ్ళే పొరబడ్డాయి. "నూనె బొట్టు వేసి నూరు" అని అక్కడే ఆగి, నూరడమనుకుని కొత్త చాకును సానరాయి మీదికి ఎక్కించేస్తారు. పక్కనే "సార్లు" ఉంది, కళ్ళు తెరిచి చదవాలి. అసలు కొత్త చాకులో బిగువు సగం స్ప్రింగుది, సగం మురికిది. అలుగును, స్ప్రింగును అరగదీసినప్పటి లోహపు పొడి సందుల్లో మిగిలిపోతుంది. నూనె వేసి తెరిచి మూస్తుంటే అది నల్లటి చమురై బయటికి వస్తుంది. గుడ్డతో తుడిచి మళ్ళీ బొట్టు వేయాలి. మరీ మొండిదైతే సబ్బు కలిపిన వేడినీళ్ళలో ఆడించి, బాగా ఆరబెట్టి, అప్పుడు నూనె. వంద అన్నది గణం కోసం వచ్చిన లెక్క. నూనె తేటగా వచ్చేదాకా అని అర్థం.

"తీరుబాటుగ" పాదపూరణమని ఒకరన్నారు. కాదు, పద్యంలో బరువైన మాట అదే. రెండు లోహాలు ఒకదానికొకటి నున్నబడడానికి సమయం పడుతుంది. టీవీ ముందు కూర్చున్నప్పుడో, బస్సు కోసం నిలబడ్డప్పుడో చేయవలసిన పని. (బస్టాండులో అయితే పక్కవాళ్ళు కొంచెం జరుగుతారు.)

"మావికాయ" ఎందుకు? కోలారు కవి అయ్యుండి టమోటా అనవద్దా, అంత పెద్ద టమోటా మార్కెట్టు పెట్టుకుని? అనవచ్చు, కానీ టమోటా లఘువుతో మొదలై రెండు గురువులుగా సాగుతుంది. ఆటవెలదిలో ఏ గణమూ దానితో మొదలవదు. ఛందస్సు పక్కన పెడితే రెండూ పుల్లనివే, పని జరుగుతుంది. పచ్చి తోతాపురిని ఉప్పుకారానికి ముక్కలు కోసినప్పుడు దాని పులుపు కార్బన్ ఉక్కు మీద బూడిద, నీలి మరకలు వేస్తుంది. చూసి బెదిరిపోయి పీచుతో తోమేస్తారు. తోమకూడదు. ఆ మరక పొర ఎర్ర తుప్పును కొంత ఆలస్యం చేస్తుంది. పూర్తిగా ఆపుతుందని మాత్రం మూలకర్త అనలేదు, నేనూ అనను. స్టెయిన్‌లెస్ చాకుకు నాలుగో పాదం అనవసరం. అందులో క్రోమియం పదోవంతుకు మించి ఉంటుంది, కాయ కోసి తినడమే. ఇదే జిల్లాలో జాన్ టేలర్ కంపెనీ 1880లో మొదలుపెట్టగా 2001 ఫిబ్రవరి 28 దాకా భూమిలోంచి తోడిన లోహానికైతే ఏ పులుపూ అంటదు. కానీ బంగారంతో కాయ కోయలేం.

తాత్పర్యం: కొత్త మడత చాకు బిగువుగా ఉంటుంది. నూనె వేసి, మురికి పోయేదాకా ఆడించి, తరువాత వాడుతూ అలవాటు చేసుకోవాలి.

అనుక్తవిచారం: పద్యంలో ఆకురాయి లేదు. మూలకర్త మరిచిపోయాడా? కావాలనే వదిలేశాడంటాను. అయినా చేతులు ఊరుకోవు గనుక చెప్పాల్సి వస్తోంది. పిడి అంచులు అరచేతికి గుచ్చుకుంటే గరుకు కాగితంతో గుండ్రం చేయవచ్చు. దోషం లేదు. బొటనవేలూ చూపుడువేలూ అలుగును పట్టుకునేలా పిడిలో చిన్న గాడి తీయవచ్చు. గోరు బతుకుతుంది. అంటు కట్టేవారు అలుగును ఒకవైపే పదును పెట్టుకుంటారు, కోత చదునుగా వస్తుంది. మిగతా పనులకు రెండువైపులా 15 నుంచి 20 డిగ్రీల వాలు చాలు.

ఇక మూసినప్పుడు మొన పిడి పైకి పొడుచుకొస్తోందని అలుగు మొదట్లో ఉండే చిన్న బొడిపెను ఆకురాయితో రాస్తారు. మంచి చాకులు చచ్చేది ఇక్కడే. ఆ బొడిపె స్ప్రింగుకు ఆనుకుని అలుగును ఆపుతుంది. రెండు రాపిళ్ళకు మొన దిగుతుంది, నాలుగో రాపిడికి పదునే స్ప్రింగుకు కొట్టుకుంటుంది. అటు తరువాత మూసిన ప్రతిసారీ మొద్దు. రాసినది తిరిగి అతకదు. పిడి లోపల సన్నని తోలుముక్క అడ్డుపెట్టి సర్దుకోవడమొక్కటే దారి. ఒక్కో రాపిడికి ఒకసారి మూసి చూసుకునే ఓపిక ఉన్నవారే దీని జోలికి పోవాలి.

జాతరలో తిరిగే సానచక్రానికి ఇవ్వడం మరొక మహాపాపం. నిప్పురవ్వలు చూడ్డానికి బాగుంటాయి గానీ, అంచు వేడెక్కి 300 డిగ్రీల దరికి వచ్చి నీలం తిరిగిందంటే అక్కడి ఉక్కు మెత్తబడినట్టే. మామిడికాయ ఇచ్చే నీలం వేరు, ఈ నీలం వేరు.

కొబ్బరికాయ కన్ను పొడవడానికి, డబ్బా మూత ఎత్తడానికి ఈ చాకు వాడకండి. తాళం లేదని పైనే చెప్పాను. కాయ కోశాక సొన తుడిచి, ఆరబెట్టి, బొట్టు నూనె వేసి మడవండి. దేవనహళ్ళిలో విమానం ఎక్కేరోజున మాత్రం చేతిసంచిలో ఉంచుకోకండి. తనిఖీ దగ్గర తీసేసుకుంటారు, పద్యం చదివినా తిరిగి ఇవ్వరు.