తమ్ముడి ఎస్సెమ్మెస్: సటీకా తాత్పర్యం

అవతారిక

సూత్రానికి అక్షరాలు తక్కువ, అర్థం ఎక్కువ ఉండాలన్నారు పెద్దలు. ఎస్సెమ్మెస్ పుట్టించినవారు ఆ లక్షణాన్ని ఏకంగా శాసనం చేశారు: ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే 160, తెలుగు లిపిలో కొడితే 70. అది దాటితే రెండో సందేశం కింద లెక్క. అందుచేత 2011 నాటి ఆంధ్ర వాఙ్మయంలో సింహభాగం ఇంగ్లీషు లిపిలోనే వెలసింది. ప్రస్తుత గ్రంథమూ ఆ కోవలోదే. లిపి మార్చడం, లోపించిన దీర్ఘాలను వాటి వాటి చోట్ల నిలపడం మాత్రమే ఈ టీకాకర్త్రి చేసిన పరిష్కారాలు. సందేశం నా ఫోనుకే వచ్చింది కనుక ప్రామాణికత గురించి పండితులు జుట్లు పట్టుకోనక్కర్లేదు.

గ్రంథకర్త బెంగళూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగి, అవివాహితుడు. కృతి అందుకున్న అక్క గుంటూరులో కాలేజీ లెక్చరరు, ఇద్దరు పిల్లల తల్లి. కాలం శ్రీ ఖర నామ సంవత్సరం.

మూలం

అక్కా, మెటాలికా బెంగళూరు వస్తోంది. రెండు టికెట్లు కొనేశా. బావకు చెప్పు. అమ్మకు చెప్పకు. దూది తెచ్చుకో. నల్ల టీషర్టు నేను తెస్తా.

ప్రతిపదార్థం

అక్కా = ఓ అక్కా; మెటాలికా = 1981లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టినదియు, నలుగురే సభ్యులు గలదియు, నాలుగు వీధుల అవతలికి వినబడునదియు నగు రాక్ బృందము; బెంగళూరు = ఆ నగరమందలి ప్యాలెస్ గ్రౌండ్స్ అను మైదానమునకు; వస్తోంది = 2011 అక్టోబరు 30, ఆదివారము నాడు విచ్చేయుచున్నది; రెండు టికెట్లు = నాకొకటి, నీకొకటి, అనగా బావకు లేదు; కొనేశా = నిన్నడుగకుండగనే కొంటిని, కావున రానని యనుటకు వీలు లేదు; బావకు చెప్పు = పిల్లలను చూచుకొనువారు వారే గనుక వారికి ముందుగా తెలుపుము; అమ్మకు చెప్పకు = కారణము నీకు తెలియును; దూది = చెవులలో కుక్కుకొనుటకు తగినంత; తెచ్చుకో = నా గదిలో దొరకదు; నల్ల టీషర్టు = ఆ సభకు ఉచితమైన వస్త్రము; నేను తెస్తా = నీ బీరువాలో లేదని యెరుగుదును.

తాత్పర్యం

ఓ అక్కా! ఫలానా బృందం ఫలానా చోటికి వస్తోంది. ఇద్దరం వెళ్తున్నాం. మిగతా ఏర్పాట్లు నువ్వు చూసుకో.

విశేషాలు

“రెండు టికెట్లు”: గ్రంథకర్తకు బెంగళూరులో స్నేహితులు లేక కాదు. 2007 మార్చి 17న ఇదే మైదానంలో ఐరన్ మెయిడెన్ బృందం వాయించినప్పుడు వాడు ఆఫీసు మిత్రబృందంతో వెళ్లాడు. పోనీ ఈసారీ వాళ్లతోనే పోరాదా అని శంక. స్నేహితుల మధ్య అభిమానికి సౌకర్యం ఎక్కువ, నిజమే. అన్ని ఆల్బమ్‌లూ విన్నానని చెప్పవచ్చు, గిటార్ వాయిస్తానని కూడా చెప్పవచ్చు. అక్క పక్కనుంటే ఆ సౌకర్యం ఉండదు. మెటాలికా పాట ‘నథింగ్ ఎల్స్ మ్యాటర్స్’ మొదట్లో గిటార్ తీగలను ఎక్కడా నొక్కకుండా ఊరికే మీటితే చాలు, ఎడమచేతికి పని ఉండదు. వాడి విద్య ఎడమచెయ్యి అవసరమైన చోట ఆగిపోయిందని లోకంలో నాకొక్కదానికే తెలుసు. నేను డిగ్రీలో ఉండగా ఆ పాట గొప్పదని ఊరంతా చెప్పి, మిగతా క్యాసెట్టును ఎంత కాలం వినకుండా వదిలేశానో వాడికి తెలుసు. ఇలాంటి సాక్షిని డబ్బిచ్చి వెంట తెచ్చుకోవడమేమిటని మళ్లీ శంక. దానికి సమాధానం పాఠభేదాల దగ్గర చెప్పబడుతుంది.

“అమ్మకు చెప్పకు”: ఆ ఆదివారం కార్తిక శుద్ధ చవితి, అంటే నాగుల చవితి. దీపావళికి ఇంట్లో ఉండి, పుట్టలో పాలు పోసే రోజుకు ఆడపిల్ల ఊళ్లో లేకపోవడం అమ్మ దృష్టిలో అపచారం. దానికి తోడు పాత కేసు ఒకటుంది. మెటాలికా 1991లో తెచ్చిన ఆల్బమ్‌కు అట్ట మొత్తం నలుపు. వెలుతురులో ఏటవాలుగా పట్టి చూస్తే మూలన చుట్టలు చుట్టుకున్న పాము కనిపిస్తుంది. అమ్మ దాన్ని దీపం దగ్గర పట్టి చూసింది. “పాము బొమ్మ పెట్టుకుని ఆ అరుపులేంటే?” అన్నది ఆనాటి తీర్పు. తీర్పుపై అప్పీలు ఇంతవరకు వెయ్యలేదు.

“దూది”: శబ్దప్రమాణాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. 85 దగ్గర రోజుకు ఎనిమిది గంటలుండవచ్చని అమెరికా వృత్తి ఆరోగ్య శాస్త్రజ్ఞుల లెక్క. అక్కడినుంచి ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకూ ఆ వ్యవధి సగమవుతుంది. వంద దగ్గరికి వచ్చేసరికి మిగిలేది పావుగంట. రాక్ కచేరీ వందకు తక్కువ మాట్లాడదు, పావుగంటలో ముగియదు. దూది ఆ జోరును తగ్గించేది నామమాత్రం. చెవికోసమే చేసిన నురగ బిళ్లలు దానికంటే ఎన్నో రెట్లు మేలు. ఈ సంగతి గ్రంథకర్తకు తెలియదా? తెలుసు. అయినా ‘దూది’ అనే రాశాడు. చలికాలంలో మా చెవుల్లో దూది పెట్టి పంపిన చెయ్యి ఎవరిదో ఇద్దరికీ తెలుసు గనుక, అమ్మకు చెప్పొద్దన్న వెంటనే అమ్మ వైద్యాన్నే స్మరించాడని సూక్ష్మదృష్టి గలవారు గ్రహించాలి.

“నల్ల టీషర్టు”: కాషాయంలాగా ఇది ఆశ్రమధర్మం తెలిపే వస్త్రం. తొడుక్కున్నవాడి జీతం, కులం, ఊరు కనబడవు. కనబడేది ఒక్కటే, ఎన్నిసార్లు ఉతికినది. వెలిసిన కొద్దీ గౌరవం. నాకు తెచ్చినది కొత్తది, పైగా వాడి కొలత. అయినా తొడుక్కున్నాను.

ప్రయాణం

గుంటూరునుంచి బెంగళూరుకు ఏ బండి ఎక్కాలో మూలంలో లేదు. నేనెక్కినది ప్రశాంతి ఎక్స్‌ప్రెస్. వెళ్తున్నది త్రాష్ మెటల్ కచేరీకి. దీన్ని విరోధాభాసమనే అనాలి.

బండెక్కే ముందురోజు ఒక విఘ్నవార్త వచ్చింది. అక్టోబరు 28న గుర్‌గావ్‌లో ఇదే బృందం వాయించాల్సిన కచేరీ జరగలేదు. వేదిక ముందరి బారికేడ్ విరిగి, భద్రత చాలదని ఆపేశారు. జనం కోపంతో వేదికెక్కి సామాను విరగ్గొట్టారు. మా ఆయన టీవీలో అది చూసి, “వెళ్తావా?” అని మాత్రం అడిగారు. “టికెట్ కొనేశాడు కదండీ,” అన్నాను. ‘కొనేశా’ అన్న క్రియ ఎంత బలమైనదో అప్పుడే నాకు పూర్తిగా బోధపడింది.

పూర్వరంగం

భరతుడు నాట్యశాస్త్రం అయిదో అధ్యాయంలో ప్రదర్శనకు ముందు జరగాల్సిన తంతును వరసగా చెప్పాడు. వాద్యాలను తెచ్చి వాటి స్థానాల్లో పెట్టడం ప్రత్యాహారం, గాయకులు వచ్చి కూర్చోవడం అవతరణం, తరువాత వాద్యాలను సరిచూసుకోవడం వగైరా. ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఈ విధి చెక్కుచెదరకుండా జరిగింది. నల్ల బట్టల పనివాళ్లు వచ్చి ఒక్కొక్క డ్రమ్మునూ విడివిడిగా కొట్టి చూశారు. ఒకడు గిటార్ తగిలించుకుని ఒక్క తీగ మీటాడు. జనం గొంతెత్తి హర్షధ్వానాలు చేశారు. అతను కళాకారుడు కాడు, తీగలు సవరించే ఉద్యోగి. హారతి వేళ పూజారి గంట తీసి పక్కన పెట్టినా దణ్ణం పెట్టే భక్తులుంటారు. మేమూ పెట్టాం.

తరువాత నాంది. ఈ బృందం 1983 నుంచి తమ కచేరీలకు నాందిగా వాడుతున్నది ఎన్నియో మొరికోనె బాణీని. ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ అన్న 1966 నాటి సినిమాలో, శ్మశానంలో బంగారం పాతిన గోరీ కోసం ఒకడు వెర్రెత్తి పరుగెత్తే ఘట్టంలోది. దీపాలు ఆరాయి, ఆ బాణీ మొదలైంది. తమ్ముడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. చిన్నప్పుడు తీర్థంలో తప్పిపోతాడని వాడి చెయ్యి నేను పట్టుకునేదాన్ని. ఇక్కడ కర్తృ కర్మలు తారుమారయ్యాయి. వ్యాకరణం ఒప్పుకోకపోయినా వయసు ఒప్పుకుంటుంది.

హస్తాభినయం

సభాసదులంతా ఒక చెయ్యి ఎత్తి చూపుడువేలు, చిటికెనవేలు నిలిపి, మధ్య రెండు వేళ్లనూ బొటనవేలితో మడిచి పట్టారు. నందికేశ్వరుడి అభినయదర్పణంలో సింహముఖ హస్తానికి ఇది దగ్గరి చుట్టం. అక్కడ మధ్య వేళ్ల కొసలు బొటనవేలిని తాకుతాయి, ఇక్కడ దాని కింద అణిగి ఉంటాయి. దీన్ని రాక్ లోకంలో వ్యాప్తి చేసినవాడు రానీ జేమ్స్ డియో అనే గాయకుడు. అతని ఇటలీ అవ్వ చెడుచూపు తగలకుండా ఈ ముద్ర పట్టేదట. అంటే వేలాది మంది రాక్షసారాధన చేస్తున్నారని బయటివాళ్లు భయపడేచోట నిజానికి జరుగుతున్నది సామూహికంగా దిష్టి తియ్యడం. ఉప్పూ మిరపకాయలూ మాత్రమే తక్కువ.

రసనిర్ణయం

ఈ సంగీతంలో రసమేది? రౌద్రమని పూర్వపక్షం. డ్రమ్ములు పిడుగుల్లా పడుతున్నాయి. బృంద గాయకుడు హెట్‌ఫీల్డ్ గిటార్ తీగలను వేగంగా, పైకి మీటకుండా కిందికే మీటుతూ పోతాడు. పాటల నిండా యుద్ధం, చావు, పిచ్చి. రౌద్రానికి స్థాయి క్రోధం. అలాగైతే సభ అంతా నవ్వుతూ ఎందుకున్నదని ఆక్షేపం. పక్కనున్న కుర్రాడు తల విసిరి విసిరి ఊపుతూ, ఆగిన క్షణంలో, “మేడమ్, నీళ్లు కావాలా?” అని అడిగాడు. క్రోధం ఉన్నవాడు నీళ్లివ్వడు. కనుక క్రోధం పాటలోదే, సభలోని స్థాయి ఉత్సాహం, రసం వీరమని సిద్ధాంతం.

కరుణం లేదా అంటే, ఉంది. 1986లో స్వీడన్‌లో బస్సు బోల్తాపడి ఈ బృందం బాసిస్టు క్లిఫ్ బర్టన్ చనిపోయాడు. బెంగళూరులో బాస్ వాయించినది 2003లో చేరిన రాబర్ట్ ట్రుహియో. మోకాళ్లు వంచి, గిటార్ నేలకు ఆనేలా పట్టుకుని, పీతలా పక్కకు నడుస్తూ వాయించాడు. తమ్ముడు ఒక పాటకు కళ్లు తుడుచుకున్నాడు. దుమ్మన్నాడు. టీకాకర్త్రి కూడా దుమ్మనే నమోదు చేస్తోంది.

పాఠభేదాలు

ఇక వాయిదా వేసిన సమాధానం. ఆ నల్ల క్యాసెట్ మా ఇంటికి వచ్చినప్పుడు ఇంటర్నెట్ ఇంకా రాలేదు. నా హాస్టల్ స్నేహితురాలి ప్రతి అది. అట్ట మిగిలింది గాని, మాటలు అచ్చేసిన మడతలను పూర్వ పాఠకులెవరో చింపేశారు. అందుకని విన్నది విన్నట్టు ఒక లెక్కల నోటుబుక్కులో తెలుగు లిపిలో ఎక్కించాం. నేను టేపు వెనక్కి తిప్పడం, వాడు రాయడం. అంతుబట్టని చోట దగ్గరగా వినిపించిన తెలుగు మాట వేశాం. ఆ విధంగా ఒక పాటలో హెట్‌ఫీల్డ్ స్పష్టంగా ‘పెదకాకాని’ అంటాడు. గుంటూరు పక్క ఊరు పేరు అమెరికా వాడికెలా తెలిసిందని మేము విచారించలేదు. అక్కడ గుడి ప్రసిద్ధం కదా అనుకున్నాం.

కాలక్రమాన ఇంటర్నెట్ వచ్చింది, శుద్ధపాఠం దొరికింది, ఇద్దరమూ విడివిడిగా చూసుకున్నాం. ఒకరికొకరం చెప్పుకోలేదు. ఆ ఆదివారం రాత్రి ఆ పాట వచ్చింది. మైదానమంతా అచ్చు పుస్తకంలోని పాఠాన్నే అరుస్తోంది. ఆ చోటు రాగానే, ముందు అనుకోకుండా, ఒకరి మొహం ఒకరం చూడకుండా, ఇద్దరమూ ‘పెదకాకాని’ అని అరిచాం.

తాళపత్ర గ్రంథాలు పరిష్కరించేవారు ఒకే పొరపాటు రెండు ప్రతుల్లో కనిపిస్తే, రెండూ ఒకే మాతృక నుంచి దిగాయని నిర్ణయిస్తారు. సరైన పాఠం ఎవరికైనా ఉంటుంది. దానివల్ల వంశం తేలదు. తేల్చేది తప్పు పాఠమే. ఆ నోటుబుక్కు ఎప్పుడో పాతపేపర్ల వాడికి పోయింది. ఇప్పుడు ఆ శాఖకు మిగిలినవి రెండే ప్రతులు. ఒకటి గుంటూరులో, ఒకటి బెంగళూరులో. వాటిని పక్కపక్కన పెట్టి సరిచూడాలంటే కావలసిన టికెట్లు ఎన్నో మూలకారుడు ముందే చెప్పాడు.

ఫలశ్రుతి

ఈ టీకాను తోబుట్టువుతో కలిసి చదివినవారికి చెవుల్లో హోరు ఒక్క పూటలో తగ్గును. విడిగా చదివినవారికి రెండు పూటలు పట్టును. మర్నాడు తల్లి ఫోను చేసి, “గొంతు ఎందుకలా పోయిందే?” అని అడిగిన, “క్లాసులో అరిచానమ్మా” అని చెప్పుటకు ధైర్యము కలుగును. ఆమె నమ్ముట మాత్రము ఫలములలో చేరదు.

గద్యం

ఇది గుంటూరు పుర నివాసినియు, పరుల కొలతల నల్ల వస్త్రధారిణియు, దూది సహిత కర్ణయుగళయు నగు అక్క చేత రచింపబడిన కచేరీ సందేశ వ్యాఖ్యయందు సర్వంబు నేకాశ్వాసము. దీనికి ప్రతివ్యాఖ్య రాస్తానని తమ్ముడు బెదిరిస్తున్నాడు. ఇంట్లో టీకా హక్కు పెద్దవాళ్లది. వాడు రాస్తే ప్రక్షిప్తంగా భావించాలని పండితులకు మనవి.