గుడ్డు ఏ కోర్సు చేసింది?

2019 జనవరి 4న ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరో కొత్తగా ఖాతా తెరిచి ఒక కోడిగుడ్డు ఫొటో పెట్టారు. తెల్లటి నేపథ్యం, గోధుమరంగు పెంకు, అంతే. దీనికి లైకులు కొట్టి ప్రపంచ రికార్డు తెప్పించండని ఓ మనవి. అప్పటిదాకా కైలీ జెన్నర్ తన పసిబిడ్డ ఫొటోతో నిలబెట్టుకున్న 1.8 కోట్ల పైచిలుకు లైకుల రికార్డును ఆ గుడ్డు 10 రోజుల్లో దాటేసింది. తర్వాత 5 కోట్లూ దాటింది. 2022 డిసెంబరులో మెస్సీ ప్రపంచకప్పు పట్టుకుని వచ్చేదాకా గద్దె దిగలేదు. మరి ఈ గుడ్డు ఏ గురువు దగ్గర శిష్యరికం చేసింది? రింగ్‌లైటు కొన్నదా? రోజుకో రీల్ చొప్పున మండలం రోజులు దీక్ష పట్టిందా? జనాన్ని నోరు తెరిచి అడగడమే దాని కిటుకు అంటారేమో. లైక్ చేయండి, షేర్ చేయండి, గంట కొట్టండి అని అడగని ఛానల్ ఒక్కటి చూపించండి.

వైరల్ విద్య బోధించే గురువుల మూలమంత్రం ఒకటే: కంటెంట్‌లో దమ్ముంటే వ్యూస్ వాటంతట అవే వస్తాయి. వినడానికి ఎంత న్యాయంగా ఉంది! దీన్ని తిరగేసి చూస్తే అసలు రుచి తెలుస్తుంది. వ్యూస్ రాలేదంటే నీలో దమ్ము లేదు, కాబట్టి మా అడ్వాన్స్‌డ్ కోర్సులో చేరు. రుజువుగా గెలిచినవాళ్లనే వరసగా నిలబెడతారు. వీళ్లు తెల్లవారుజామున లేచారు, విసుగులేకుండా పోస్టులు పెట్టారు, థంబ్‌నెయిల్‌లో నోరు వెళ్లబెట్టారు. నిజమే కావచ్చు. కానీ అంతే పొద్దున్నే లేచి, అంతే పెద్దగా నోరు వెళ్లబెట్టి, ముప్పై వ్యూస్ దగ్గర ఆగిపోయినవాళ్ల లెక్క ఎవరు తీశారు? ఆ ముప్పైలో సగం బంధువులవే.

లెక్క తీసినవాళ్లు లేకపోలేదు. కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి మాథ్యూ సల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ ఇంటర్నెట్‌లో ఓ ప్రయోగం నడిపి 2006లో ఫలితాలు ప్రచురించారు. పేరు తెలియని బ్యాండ్ల పాటలు 48. వినడానికి వచ్చినవాళ్లు 14 వేల పైన. వాళ్లను ఒకరితో ఒకరికి సంబంధం లేని గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు పాటలు మాత్రమే కనిపిస్తాయి. మిగతా ఎనిమిది గుంపుల్లో, తమ గుంపువాళ్లు ఏ పాటను ఎన్నిసార్లు డౌన్‌లోడ్ చేసుకున్నారో కూడా కనిపిస్తుంది. అంకె కనిపించిన ప్రతిచోటా పైపాటలకూ కిందిపాటలకూ మధ్య అంతరం పెరిగిపోయింది. పైగా ఏ గుంపులో ఏ పాట నెత్తికెక్కుతుందో అంతుచిక్కలేదు. ‘లాక్‌డౌన్’ అనే పాట ఒకటుంది (కరోనాకు చాలా ముందటిది లెండి). అంకెలు లేని గుంపులో దానిది 26వ స్థానం. అంకెలు కనిపించిన ఒక గుంపులో మొదటి స్థానం, మరో గుంపులో 40వ స్థానం. అదే గొంతు, అదే బాణీ. మారిందల్లా మొదట వచ్చిన నలుగురు ఏది నొక్కారన్నదే.

దీన్ని గొర్రెదాటు అని ఈసడించడం తేలిక, కానీ అన్యాయం. కొత్త ఊళ్లో దిగినవాడు నలుగురు నిలబడ్డ టిఫిన్ బండి దగ్గరికే వెళ్తాడు. అన్ని బండ్లూ రుచి చూసే తీరిక, కడుపు ఎవరికీ ఉండవు. తేడా ఎక్కడంటే, బండి మీద ఎనిమిదిన్నరకల్లా ఇడ్లీ అయిపోతుంది. క్యూ చూసి విసిగినవాడు పక్క బండికి మళ్లుతాడు, పక్కవాడికీ బేరం తగులుతుంది. వీడియోకు ఇడ్లీ అయిపోవడం అంటూ లేదు. కోటిమందికి వడ్డించాక కోటీ ఒకటోవాడికీ వేడివేడిగానే దొరుకుతుంది. పక్కకు మళ్లే అవసరమే రాదు. ఆన్‌లైన్‌లో ఒకడికి ఏరు, మిగతావాళ్లకు ఎండిన ఇసుక మిగలడానికి సగం కారణం ఇదే.

అల్గారిదం నిష్పక్షపాతి కదా, అందరికీ సమాన అవకాశం ఇస్తుంది కదా అంటారు. అదీ మొదట చూసిన కొద్దిమంది ఏం చేశారో గమనించే తర్వాతివాళ్లకు చూపిస్తుంది. ఆ కొద్దిమందిలో ఒకరి వేలు ఎటు పోతుందన్నది చిన్న విషయం కాదు. లెవ్ ముచ్నిక్, సినాన్ అరల్, షాన్ టేలర్ 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఓ వార్తల వేదిక మీద వచ్చిన వ్యాఖ్యల్లో కొన్నిటికి, బాగున్నాయా లేవా అని చూడకుండా, పుట్టగానే ఒక్క మెప్పు ఓటు తగిలించారు. చివరికి వాటి స్కోరు సగటున 25 శాతం పెరిగింది. ఊరికే ఒక వ్యతిరేక ఓటు తగిలించినవాటిని మాత్రం తర్వాత వచ్చినవాళ్లు సరిదిద్దేశారు. మనుషులు తిట్టేముందు కాస్త ఆగి ఆలోచిస్తారు గాని, మెచ్చుకునేముందు ఆలోచించరన్నమాట.

అయితే ప్రతిభకు విలువే లేదా? ఉంది. ఆ పాటల ప్రయోగంలోనే మరీ మంచివి అడుగుకు పోవడం అరుదు, మరీ చెత్తవి పైకి రావడమూ అరుదు. ఆ రెంటి మధ్య ఉన్నవాటికే ఏమైనా జరగొచ్చు. కోర్సులో చేరే శిష్యుల్లో ఎక్కువమంది ఆ మధ్యలోనే ఉంటారు, గురువులు కూడా. ఎక్కువసార్లు ప్రయత్నిస్తే తగిలే అవకాశం ఎక్కువ అన్నదీ ఒప్పుకోవాల్సిందే. కాకపోతే దాన్ని లాటరీ అంటారు. టిక్కెట్లు ఎక్కువ కొనమని చెప్పడానికి పదివేల ఫీజు దేనికి?

దమ్ముంటే వ్యూస్ వాటంతట అవే వస్తాయన్న మంత్రానికి ఓ మంచి పరీక్ష ఉంది. హ్యారీ పాటర్ రచయిత్రి జె.కె. రౌలింగ్ 2013లో రాబర్ట్ గాల్‌బ్రెయిత్ అనే మారుపేరుతో ఓ డిటెక్టివ్ నవల వేసింది. సమీక్షలు బాగానే వచ్చాయి. బ్రిటన్‌లో మూడు నెలల్లో అమ్ముడైన గట్టి అట్ట ప్రతులు సుమారు 1,500. జులైలో అసలు పేరు బయటపడింది. ఒక్క అక్షరం మారకుండానే పుస్తకం అమెజాన్ జాబితాలో నెత్తికెక్కి కూర్చుంది. ఆవిడ పేరు పక్కన పెట్టి నిలబడి చూసింది. మన గురువులూ అలా ఓ కొత్త ఛానల్ తెరవొచ్చు. మొహం చూపించకూడదు, పాత ఛానల్లో ఓ ముక్క చెప్పకూడదు, తమ సూత్రాలన్నీ మాత్రం తు.చ. తప్పకుండా పాటించొచ్చు. ఏడాది గడువిద్దాం. ఫీజు సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.