దశాంశ బిందువు కచేరీ

ఊరికి ప్రపంచఖ్యాతి రావాలంటే రేవులో పాత గోదాము ఒకటి ఉండాలి. హాంబర్గ్‌కు ఉంది. ఒకప్పుడు కోకో, తేయాకు, పొగాకు దాచిన ఇటుక గోదాము. దాని నెత్తిన గాజు కెరటాలు నిలబెడితే లోకం నోరు తెరుస్తుందని స్విస్ ఆర్కిటెక్టులు హెర్జోగ్, ద మ్యురోన్ బొమ్మ గీసి చూపించారు. లోకం కంటే ముందు ఖజానా నోరు తెరిచింది.

ప్రజల సొమ్ము 7.7 కోట్ల యూరోలు చాలన్నారు. 2010కల్లా పాటలే పాటలన్నారు. ఎల్బ్‌ఫిల్హార్మోనీ అని పేరు పెట్టిన ఆ సంగీతశాలలో తొలి కచేరీ 2017 జనవరి 11న జరిగింది. అప్పటికి నగరం వాటా 78.9 కోట్లు. కంగారు పడకండి, దశాంశ బిందువు ఒక్క అంకె పక్కకు జరిగింది, అంతే!

పశువుల కొట్టం వేసుకునేవాడైనా ముందు కొలతలు తీసుకుంటాడు. ఇక్కడ నక్షాలు పూర్తి కాకముందే కాంట్రాక్టు రాసేసుకున్నారు. ఆపైన నగరం, ఆర్కిటెక్టులు, కట్టే కంపెనీ హోఖ్‌టీఫ్, ముగ్గురూ మూడు శ్రుతుల్లో తగాదా అందుకున్నారు. 2011లో పని ఆగి, ఏడాది దాటినా కదల్లేదు. సంగీతశాలలో అసలు మొదటి కచేరీ ఆ తగాదాయే. టికెట్టు మాత్రం ఊరందరి చేతా కొనిపించారు. నగర శాసనసభ విచారణ సంఘం 2014లో 600 పేజీలకు మించి నివేదిక రాసింది. చదివినవాళ్లకు సన్మానం చేయాలి.

శబ్దం సంగతి జపాన్ నిపుణుడు యసుహిసా టొయోటా చూసుకున్నారు. దేని చెక్కడం దానిదే అన్నట్టు 10,000 జిప్సం పలకలు, వేదిక చుట్టూ 2,100 సీట్లు. గుండుసూది పడినా వినిపించాలి మరి! 2019 జనవరిలో గాయకుడు యోనాస్ కౌఫ్‌మన్ స్వరకర్త మాలర్ పాట పాడుతుంటే, శ్రోతలు కొందరు హాల్లోంచే వినబడటం లేదని కేకలు వేశారు. కేకలు మాత్రం స్పష్టంగా వినబడ్డాయట. చుట్టూ కూర్చోబెడితే కొందరికి గాయకుడి వీపే దక్కుతుంది, గొంతు వీపులోంచి రాదు కదా.

సంగీతం పేరు చెప్పి అదే కప్పు కింద 244 గదుల హోటలు, 45 ఖరీదైన ఫ్లాట్లు కూడా వెలిశాయి. పన్ను కట్టినవాడిని మరిచిపోలేదు సుమా! 37 మీటర్ల ఎత్తున వరండా ఇచ్చారు. అక్కడ నిలబడి తన డబ్బు ఎటు పోయిందో తీరిగ్గా చూసుకోవచ్చు.

తలుపులు తెరిచాక మాత్రం కోపాలన్నీ ఎల్బే నది నీళ్లలో కలిసిపోయాయి. తిట్టిన నోళ్లే 'ఎల్ఫీ' అని ముద్దుపేరు పెట్టి టికెట్ల కోసం ఎగబడ్డాయి. పాత ప్రభుత్వం వేసిన చిక్కుముడి విప్పి, చివరి బిల్లు ఖాయం చేసి, భవనాన్ని ప్రారంభించిన మేయరు ఓలాఫ్ షోల్జ్. ఏడాది తిరిగాక, 2018లో, ఆయన్ను జర్మనీ ఆర్థికమంత్రిని చేశారు. అంకెల విషయంలో అంతకు మించిన అనుభవం ఇంకెవరికుంటుంది?