హెలికాప్టరు పేటికా పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక: రేడియో సంకేతాలతో నేల మీద నుంచి నడిపే నమూనా హెలికాప్టరును నిజాంపట్నం, సూర్యలంకల నడుమ తీరాన ఎగురవేయదలచినవాడు ఇల్లు వదలకముందు ఏమేమి సర్దుకోవాలో అజ్ఞాతకర్తృకమైన ఈ తేటగీతి విధిస్తున్నది.

పెట్టెలోపల బ్యాటరీ పేర్చి మూసి
రెక్కజంటను మరలను రేకుడబ్బ
నునిచి, పటమును గాలిని నొక్కి చూచి
మింటి కెగిరించు వానికి మేలు గలుగు.

టీక: బ్యాటరీ = లిథియం పాలిమర్ జాతిది; సెల్లు ఒక్కింటికి నిండా ఎక్కిస్తే 4.2 వోల్టులు, వాడకుండా దాచేటప్పుడు 3.8 వోల్టులు ఉండదగినది. గుచ్చుకున్నా, అతిగా ఛార్జి చేసినా మండే స్వభావం కలది కనుకనే దీనికి అగ్రస్థానం దక్కింది. మూసి = మూత పెట్టి; గాలి చొరకుండా బిగించి అని అర్థం చెప్పరాదు, ఎందుకంటే లోపల ఒక్క సెల్లు మండినా పుట్టే వాయువుకు దారి లేకపోతే పెట్టే పేలిపోతుంది.

రెక్కజంటను = ప్రధాన రోటరు రెక్కలను రెండింటినీ. అవి బరువులో సమానం కాకపోతే యంత్రమంతా వణుకుతుంది కాబట్టి, ఒకటి విరిగినా జతగానే మార్చాలని భావం. మరలను = స్క్రూలను; ఇది ఉపలక్షణం కనుక వాటిని తిప్పే 1.5, 2, 2.5 మిల్లీమీటర్ల అలెన్ కీలనూ, లోహంలో బిగించిన మర ఆ వణుకుకు వదులు కాకుండా పట్టి ఉంచే జిగురుమందునూ కలిపి గ్రహించాలి.

రేకుడబ్బను = ఇక్కడ వ్యాఖ్యాతలకు వివాదం ఉంది. ఉప్పుగాలికి రేకు తుప్పు పడుతుంది కనుక కవి నిజాంపట్నం వాడు కాడని కొందరు, ఖాళీ బిస్కెట్ డబ్బా ఏ ఊళ్లోనైనా పారవేయరాని వస్తువే కనుక అక్కడివాడేనని మరికొందరు అంటారు. రేకు యతి కోసం పడింది. తీరవాసులు ప్లాస్టిక్ డబ్బా వాడుకుంటే ఛందస్సుకే తప్ప హెలికాప్టరుకు దోషం లేదని సిద్ధాంతం.

పటమును నొక్కి చూచి = డ్రోన్లు ఎక్కడ ఎగరవచ్చో చూపే డిజిటల్ స్కై పటాన్ని ఫోను తెర మీద వేలితో నొక్కి చూసి. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 25 కిలోలు మించక, విద్యకో వినోదానికో కంటిచూపు మేరలోనే ఎగిరేది నమూనా విమానం. పటంలో ఆకుపచ్చ చోట 400 అడుగుల వరకు అనుమతి అక్కర లేదు, ఎరుపు చోట కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే ఎగరరాదు. సూర్యలంకలో క్షిపణులను ప్రయోగించి చూసే వాయుసేన స్థావరం ఉన్నందున ఈ తీరంలో 'పటము' అన్న పదం అలంకారప్రాయం కాదు. గాలిని నొక్కడం పొసగదు కనుక, అక్కడ శ్రద్ధగా పరీక్షించి అని లక్ష్యార్థం. మధ్యాహ్నానికి కడలిగాలి బలపడుతుంది కాబట్టి ఉదయమే ప్రశస్తం.

ఆక్షేపం: పద్యంలో రిమోటు ప్రస్తావనే లేదు, అది లేనిదే ఈ సర్దుడంతా వ్యర్థం కదా? సమాధానం: ముందుగా ఆన్ చేసి చివరగా ఆఫ్ చేయవలసిన రిమోటు చెప్పకనే సిద్ధించేదని కవి ఆశయం. అయితే చెప్పనక్కర లేదనుకున్న వస్తువే ఇంట్లో మిగిలిపోవడం లోకంలో ప్రసిద్ధం కనుక, ఈ ఒక్క చోట కవిని నమ్మరాదు.

తాత్పర్యం: బ్యాటరీలను భద్రంగా పేర్చుకొని, విరిగేవాటికి జతలు, వదులయ్యేవాటికి మరలు డబ్బాలో పెట్టుకొని, పటమూ గాలీ ఒప్పుకున్నాకే ఎగురవేసేవాడు సుఖపడతాడు.

విశేషం: సర్దడానికి మూడు పాదాలు, ఎగరడానికి రెండే మాటలు కేటాయించడం ఔచిత్యభంగం కాదు, గంటసేపు ఛార్జి చేసిన బ్యాటరీ గాలిలో ఐదారు నిమిషాలకు మించి నిలవకపోవడం మామూలే. ఇక 'ఎగిరించు' అన్నది తద్ధర్మార్థకం, అనగా స్వభావాన్ని చెప్పేది గాని ఆనాటి పనిని చెప్పేది కాదు. కాబట్టి పటం ఎరుపు చూపిననాడు పెట్టె మూత తీయకుండా తిరిగి వచ్చినవాడికి కూడా చివరి పాదంలోని మేలు సంపూర్ణంగా వర్తిస్తుంది.